దులపని తివాచీ

కుక్కపేను ఆవగింజంత కూడా ఉండదు. పడమటి దేశాల్లో ఒకప్పుడు దాని నడుముకు సన్నటి తీగ కట్టి, బొమ్మబండ్లు లాగించి, సంతల్లో టికెట్టు పెట్టి చూపించేవారట. అదే మోసుకొచ్చిన ప్లేగు రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకున్నారని మా తాత చెప్పేవాడు. ఆ పాకల కథ ఒకటి ఉంది గాని, అది ఇంకోసారి. ఫిల్మ్‌నగర్‌లో నేను చూసిన కుక్కపేలు ఊరినేమీ కదల్చలేదు. మల్లమ్మ ఒక్కదాన్నే కదిల్చాయి.

మల్లమ్మ నిర్మాత వెంకటరామయ్య గారి ఆఫీసు బంగళాలో ఊడ్చి, అంట్లు తోమేది. పెరట్లో జామచెట్టు పక్కన రేకుల గది ఆమెది. ఈ గుట్టల మీద బండలు పగలగొట్టి పునాదులు తీసినవాళ్ళలో ఆమె పెనిమిటి ఒకడు. అతను పోయాక ఆమెకు మిగిలిన తోడు రాణి అనే వీధికుక్క. గడపకు అడ్డంగా పడుకునేది, గేటు చప్పుడైతే ఆమెకన్నా ముందు లేచేది.

పాత నవలలు చదివి సినిమాకు పనికొచ్చేవేమైనా ఉన్నాయా అని చెప్పడానికి నేను ఆ బంగళాకు వెళ్తుండేవాణ్ణి. చాలా చెప్పాను. తీసినవి లేవు.

కథలు వినే గదిలో ఒక ఎర్ర తివాచీ ఉండేది. వెంకటరామయ్య గారి ఒకే ఒక పెద్ద హిట్‌కు మొదటి క్లాప్ దాని మీదే కొట్టారు. అప్పటినుంచి ఏ సినిమాకైనా ముహూర్తం దాని మీదే. దాన్ని ఉతకరు, ఎండలో వెయ్యరు, దులపరు. చీపురు అంచు తగిలినా ఆయన మొహం మాడిపోయేది.

"లక్ష్మి నడిచిన తివాచీ అండీ ఇది. దులిపితే వెళ్ళిపోతుంది" అనేవారు.

ఆ తర్వాత తీసినవి ఒక్కటీ ఆడలేదు. ఓడేకొద్దీ నమ్మకం ముదరడం గుర్రప్పందాల దగ్గరా చూశాను, ఇక్కడా చూశాను. గుర్రాల దగ్గర జనం కాస్త సిగ్గుపడతారు.

ఆయన కోడలు ప్రణతి ఆఫీసుకు వచ్చినప్పుడల్లా తన పర్షియన్ పిల్లిని వెంట తెచ్చేది. మధ్యాహ్నమంతా అది ఆ తివాచీ మీద పొర్లేది.

ఎండాకాలం చివర్లో ఒక పేరున్న హీరో కథ వినడానికి వచ్చాడు. కథ ఇంటర్వెల్ దాకా రాకముందే మడమలు గోక్కోవడం మొదలుపెట్టాడు. సాక్సు కిందికి లాగితే బారులు తీరిన ఎర్ర దద్దుర్లు. "మళ్ళీ కూర్చుందామండీ" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మేనేజర్ నాగసాయి పెరట్లోకి వచ్చాడు.

"నీ కుక్క సార్ కొంప ముంచేట్టుంది మల్లమ్మా."

"నా రాణి లోపలికే రాదు గద సారూ. లోపల పండుకునేది పిల్లి."

"పిల్లికి డాక్టరున్నాడు. నీ కుక్కకి ఎవడున్నాడు?"

"నేనున్న."

అన్నట్టే వేపాకు మరగబెట్టి రాణికి నీళ్ళు పోసింది, దువ్వి దువ్వి పేలను సబ్బునీళ్ళలో ముంచింది. పెరడంతా ఊడ్చి ఎండుటాకులు, పాత గోనెలు తగలబెట్టింది. తర్వాత పురుగులమందు కొట్టే ఓంప్రకాష్ వచ్చాడు. ఇల్లంతా, పెరడంతా కొట్టి తివాచీ దగ్గర ఆగాడు.

"గుడ్లన్ని గీ తివాచీలనే ఉంటయ్ సార్. బయటేసి దులిపి, ఎండబెట్టాలె. లేకుంటే మల్ల వస్తయ్."

"దాని జోలికి వెళ్ళకండి" అన్నారు వెంకటరామయ్య గారు. "మిగతాదంతా గట్టిగా కొట్టండి."

గట్టిగానే కొట్టాడు. మల్లమ్మ గదిలో రెండుసార్లు కొట్టాడు.

కొన్నాళ్ళు తగ్గాయి. మళ్ళీ వచ్చాయి. ఈసారి నాగసాయి గడప దగ్గరే నిలబడి చెప్పాడు. "కుక్కో, గదో. రెండిట్లో ఒకటే ఉంచుకో."

మల్లమ్మ రాణిని ఆటోలో ఎక్కించుకుని మోతీనగర్‌లో చెల్లెలింటికి తీసుకుపోయి కట్టేసి వచ్చింది. అది తాడు కొరుక్కుని పారిపోయింది. బంగళాలో పేలున్నాయని ప్రణతి కూడా పిల్లిని తేవడం మానేసింది. ఇక ఆ ఇంట్లో తాగడానికి మనుషుల రక్తం తప్ప మరోటి లేదు. పేలు మోకాళ్ళ దాకా ఎగిరాయి. కుక్క పోయినా పేలు పోలేదంటే మల్లమ్మ చీరల్లోనే వస్తున్నాయని తేల్చారు. తేల్చింది ఆ గదిలో కూర్చుని కథలు రాసేవాళ్ళే. లాజిక్ లేకుండా ఏ కథా ఒప్పుకోనివాళ్ళు.

పాదాలు దురదపెడితే ప్రయాణం తప్పదంటారు. గోక్కున్నది వాళ్ళు. ప్రయాణం మల్లమ్మకు పడింది.

మూటతో చెల్లెలింటికని గేటు దాటుతూ ఆమె నాగసాయిని ఒకటే అడిగింది. "రాణి గీడికే వస్తది సారూ. వస్తే కొట్టకుర్రి. నాకు ఫోన్ చెయ్యుర్రి."

"సరేలే" అన్నాడతను, ఫోన్లోంచి తలెత్తకుండా.

ముహూర్తం నాటికి హీరో మళ్ళీ వచ్చాడు. క్లాప్ కొట్టే లోపే కాలు పైకెత్తి గోక్కున్నాడు. అంతే, సినిమా ఆగిపోయింది. అప్పటికిగాని వెంకటరామయ్య గారు తివాచీని తీయించలేదు. పేలున్నాయని కాదు, అచ్చిరాలేదని.

ఆ తర్వాత ఒక పొద్దున నేను ఆ వీధిలో నడుస్తుంటే రాణి కనబడింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గేటు సందులో మూతి పెట్టి జామచెట్టు వైపు చూస్తోంది. కొత్త వాచ్‌మన్ కర్ర విసిరాడు. అది కుంటుకుంటూ మలుపు తిరిగింది. నేను వెంటపడ్డాను గాని ముసలికాళ్ళకు అందలేదు. నాగసాయి ఫోన్ చేయడని తెలిసి నేనే మోతీనగర్ వెళ్ళాను. మల్లమ్మ వింటూనే చెప్పులేసుకుంది.

బంగళా ముందు నిలబడి "రాణీ, రాణీ" అని పిలిచింది. వీధులన్నీ తిరిగి పిలిచింది. రాణి రాలేదు. తిరిగి వచ్చేసరికి గేటు తెరిచి ఉంది. ఆమె గది తలుపు కూడా బార్లా తెరిచే ఉంది. లోపల ఆమె మంచం ఉండే చోట ఎర్ర తివాచీ చుట్టి పడేసి ఉంది.

మల్లమ్మ కాలితో దాని అంచు తిప్పి చూసింది.

"గిదేదో ముందే నా అర్రల ఏస్తే, దులిపి ఎండబెడుదును గద సారూ" అంది.