మింగకుండా తాగడం

తెలంగాణ కోసం బంద్ నడుస్తున్న రోజది. కామారెడ్డికి బస్సుల్లేక, దుబాయ్ నుంచి వచ్చిన మా బావ ఎల్లారెడ్డిలో మా ఇంట్లోనే ఆగిపోయాడు. పొద్దుపోక సంచిలోంచి ఒక పైపు, చిన్న రేకు డబ్బా తీశాడు. డబ్బాలో మామిడి తాండ్ర ముక్కల్లా ఒత్తిన పొగాకు పలకలున్నాయి. వర్జీనియా పొగాకట, దుబాయ్‌లో తన సాబు ఇచ్చాడట. ఒక పలకను నలిపి, పైపులో నింపి, అంటించి నా చేతికిచ్చాడు.

"పొగ మింగద్దు బామ్మర్దీ. నోట్లనే పెట్టుకొని రుచి చూడాలె."

గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ తలెత్తింది. "మింగకుంటే తాగుడెట్లయితది?"

నాకూ అదే అనుమానం. మేం బీడీ తాగుతాం, చుట్ట తాగుతాం. రుచి చూసేది కూరను. అయినా పొగను బుగ్గల్లో పట్టుకుని కూర్చున్నాను.

"ముందుగాల ఎండుగడ్డి వాసనొస్తది. ఎన్కకెల్లి తేనె తీపి. వస్తున్నదా?"

ఏ గడ్డీ రాలేదు. నాలుక చురుక్కుమంది. ఈసారి మెల్లగా పీల్చితే ఏదో వచ్చింది. బాగా ఎరిగినదే, కానీ ఎక్కడిదో అందలేదు. కళ్లు మూసుకున్నా అందలేదు. బావ మీద చిరాకేసింది.

"చెప్పరాదూ బామ్మర్దీ, ఎట్లున్నది?"

"అన్నం లెక్కున్నది," అన్నాను.

బావ పగలబడి నవ్వాడు. అలా ఎందుకన్నానో నాకే తెలియక తికమకపడ్డాను. అమ్మ మాత్రం నవ్వలేదు. చిన్నప్పుడు బీడీల ముందునుంచి లేచి నాకు ముద్దలు పెట్టిన ఆ చేతులను ఒకసారి వాసన చూసుకుని, కొంగుకు తుడుచుకుంది.