పరంజా కోపగించుకోదు

పైకి చూడగానే కళ్లు తిరిగే మనిషి నడుముకు నిమ్మకాయ కట్టి, అతన్ని పరంజా ఎక్కించగలరా మీరు?

పదవీ విరమణకు ముందటి ఏడాది నన్ను ముంబైలో కామాటిపుర పక్కనున్న ఒక మునిసిపల్ దవాఖానాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా వేశారు. ఒక ఉదయం పాలమూరు నుంచి వలస వచ్చిన అంజయ్య అనే తాపీ పనివాణ్ని భార్య బాలమణి, మేస్త్రీ చెరో రెక్క పట్టుకొని తెచ్చారు.

"పండుకుంటే ఇల్లు తిరుగుతదంటడు సార్. గోడకు ఆనుకొని కూసునే నిద్రపోతున్నడు" అంది బాలమణి.

మేస్త్రీ నవ్వాడు. "సీసా ముట్టకుండనే ఊగుతున్నవేందిరా అంజిగా!" అని, నావైపు తిరిగాడు. "పోశమ్మకు మొక్కిచ్చిన సార్. నిమ్మకాయ కట్టిన. జర చక్కర్ తగ్గే గోలీ ఇయ్యండ్రి, మజ్జానం కల్ల పరంజా ఎక్కిస్త."

ఆ మేస్త్రీ ముఠాలో ఒక ఆచారం ఉంది. పని మొదలుపెట్టే ముందు వెదురు గుంజను తాకి, తల వెనక్కి వాల్చి, పోశమ్మను తలచుకొని పరంజా కొసకు మొక్కుతారు. అంజయ్యకు సరిగ్గా అప్పుడే కళ్లు తిరిగేవి. అమ్మ కోపగించిందని అందరూ తేల్చేశారు.

"మంచం మీద కుడికి ఒత్తిగిల్లినా తిరుగుతుందా?" అని అడిగాను. తిరుగుతుందన్నాడు అంజయ్య.

"మంచంలో కూడా పోశమ్మేనా మేస్త్రీ?" అన్నాను. అతను అంజయ్య నడుముకున్న నిమ్మకాయను సరిచేశాడు.

మాట తడబాటు, చేతుల్లో బలహీనత లేవని ముందుగా చూసుకున్నాను. అవి ఉంటే అది మెదడు జబ్బు కావచ్చు. తర్వాత అంజయ్య తలను కుడికి తిప్పి, బల్ల అంచు కిందికి వాలేలా చప్పున పడుకోబెట్టాను. క్షణం ఆగి కనుగుడ్లు మెలితిరుగుతూ అదరసాగాయి.

"పడుతున్న సార్! పట్టుకోండ్రి!" అని నా చొక్కా పిడికిట బిగించాడు. బాలమణి గోడకు అతుక్కుపోయింది. ఈ కళ్లతో అంత ఎత్తున నిలబడతాడన్న ఊహకు నాకూ చెమట పట్టింది.

లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి, తల కదలికను పసిగట్టే గొట్టంలోకి జారాయి. మాత్ర వాటిని వెనక్కి పంపదు. పైగా మత్తు కలిగిస్తుంది. తలను నెమ్మదిగా ఎడమకు తిప్పి, ఒళ్లంతా ఎడమకు ఒత్తిగిల్లజేసి, ముఖం నేలవైపు పెట్టి, ప్రతి దశలోనూ ఆగి, లేపి కూర్చోబెట్టాను. మళ్లీ పరీక్షించేదాకా నేల మీది పనే చేయించాలని మేస్త్రీకి గట్టిగా చెప్పాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

తర్వాతి వారం అలాగే పడుకోబెట్టి చూస్తే కళ్లు నిశ్చలంగా ఉన్నాయి. అంజయ్య మళ్లీ పరంజా ఎక్కాడు. మేస్త్రీ మాత్రం పోశమ్మకు కొబ్బరికాయ కొట్టాడు! రోగం నయం చేసినంత మాత్రాన వాళ్లకు కారణం అర్థమైనట్టు కాదని అప్పుడు తెలిసింది. రేపు ఇంకొకరికి కళ్లు తిరిగితే మళ్లీ నిమ్మకాయే కడతారు.

మీ పనిచోట ఎవరికైనా కళ్లు తిరిగితే ముందు కిందికి దించండి. చెవి పరీక్ష చేయించండి. మొక్కులు తర్వాత తీర్చుకోండి.