గంగమ్మ వాటా

మా ఇంట్లో ఫ్రిజ్‌లోని నీళ్ల సీసా మూత తీయాలంటే కొంచెం జాగ్రత్త అవసరం. నేను సీసాను అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, లోపల బుడగ లేదని చూసుకున్నాకే ఫ్రిజ్‌లో పెడతాను. తెలియక మూత తీసినవాళ్ల చొక్కా తడుస్తుంది. మా అల్లుడు నెమ్మదస్తుడు కాబట్టి పోట్లాడడు. "అత్తయ్యగారూ, మీ ఇంట్లో మంచినీళ్లు తాగాలంటే భుజాన తువ్వాలు ఉండాలండీ" అని మాత్రం అంటాడు. మొన్న టీవీలో ఒకాయన సముద్రం అడుగు బురదలో పుట్టే మీథేన్ గ్యాసు గురించి, దానివల్ల భూమి వేడెక్కడం గురించి గంభీరంగా చెబుతున్నాడు. "ఆ గ్యాసును నేను సీసాల్లో పట్టించి మద్రాసు రైలెక్కించాను" అన్నాను. మా మనవరాలు ఫోనులోంచి తల ఎత్తింది. అది తల ఎత్తడమే అపురూపం. అందుకని వెంటనే మొదలుపెట్టాను. దానికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

అరవైల చివరి మాట. నేను మద్రాసులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ముగించి, ఒక మాస్టారి దగ్గర పరిశోధనకు చేరాను. మాస్టారికి పెన్నా నది సముద్రంలో కలిసేచోట ఉండే నీళ్ల మీద కన్ను పడింది. నది తెచ్చిన బురద అడుగున పేరుకుంటుంది, అందులో గాలి ఆడక మీథేన్ పుడుతుంది, అందులో కొంత పైనున్న నీళ్లలో కరుగుతుంది. ఆ కరిగింది ఎంత అన్నది ఆయన ప్రశ్న. పుస్తకాల్లో వెతికితే జవాబు దొరకలేదు కాబట్టి నన్ను వెతకమన్నారు. నెల్లూరు దగ్గర సంగం ఊళ్లో వరి పండించుకునే మా నాయనకు ఈ వ్యవహారం బొత్తిగా మింగుడుపడలేదు. "నీళ్లలో గాలిని కొలిస్తే ఏమొస్తది?" అన్నాడు. చివరికి మా అమ్మ సర్దిచెబితే, "ఈ వేసవి వరకే. పని కుదిరితే సరే, కుదరకపోతే ఇంటికొచ్చేయాల" అని ఒప్పుకున్నాడు. నాయన ఒకసారి మాట అంటే అంతే. ఇంటికొచ్చేయడం అంటే ఏమిటో, ఇంట్లో ఎన్ని పెళ్లి సంబంధాలు కాచుకుని ఉన్నాయో నాకు బాగా తెలుసు.

సముద్రపు ఒడ్డున ఒక పట్టపుపాళెంలో, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలో, మా చిన్నాయన బడిపంతులు. ఆయన ఇల్లు మాత్రం బకింగ్‌హాం కాలువకు ఇవతల ఊళ్లో ఉండేది. నేను ఆ ఇంట్లో దిగి, రోజూ తెల్లవారుతూనే చిన్నాయనతో పాటు పడవలో కాలువ దాటి, సరుగుడు తోపులోంచి నడిచి పాళెం చేరేదాన్ని. ఆ తోపు దాటుతుంటే ముందు ఎండుచేపల వాసన తగిలేది, తర్వాత అలల చప్పుడు, ఆ తర్వాత అవ్వ గొంతు వినబడేవి. అవ్వ అంటే నాకు సాయం చేసిన, తెప్ప మీద వేటకు పోయే ఆయన తల్లి. ఆయన్ను నేను అన్నా అనేదాన్ని. అవ్వకు మాత్రం నేను మొదటి రోజు నుంచీ పాపనే. మొదటి రోజు సీసాల పెట్టె చూసి ఆమె అడిగిన ప్రశ్నకు మాస్టారి దగ్గర కూడా జవాబు లేదు.

"సముద్రం నీళ్లు మద్రాసుకు ఎత్తుకపోతావా పాపా? ఆడ సముద్రం లేదా?"

ఆడవాళ్లు తెప్ప ఎక్కే ఆచారం ఆ పాళెంలో లేదు. అందుకని నీళ్లు పట్టడం అన్నకే నేర్పాను. లోతుకు దించాక మూత పడే ఇత్తడి గొట్టంలో నీళ్లు పైకి తేవాలి. రబ్బరు ట్యూబును సీసా అడుగుదాకా పెట్టి నింపాలి. నిండాక ఆపకూడదు. సీసాలో మొదట పడిన నీళ్లన్నీ పొర్లి పోయేదాకా, అంటే ఇంకో రెండు సీసాల నీళ్లు అంచు మీదుగా కారిపోయేదాకా వదిలి, అప్పుడు గాజు మూత నొక్కాలి. లోపల మిరియపు గింజంత బుడగ కూడా ఉండకూడదు. సోడా మూత తీస్తే గ్యాసు పైకి పోయినట్టే, కరిగిన మీథేన్ కూడా నీళ్లను వదిలి ఆ బుడగలోకి పోతుంది. మద్రాసులో యంత్రం మీద ఎంత కొలిచినా ఉన్నదంతా కనబడదు. అన్న ఇదంతా ఒడ్డున రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక నన్ను సంతోషపెడదామని కాలువ పాయలో వెదురు గడతో బురద కెలికి, పైకొచ్చిన బుడగలను గరాటు బోర్లించి పట్టి, గరాటు కొసన అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట భగ్గుమంది, ఆయన మీసం ఒక పక్క కాలింది. అవ్వ నవ్వలేదు. "గంగమ్మతో ఎగతాళి పెట్టుకోబాకండి" అని ఇద్దర్నీ కసిరింది.

తెప్ప పొద్దెక్కాక ఒడ్డుకు వచ్చేది, నెల్లూరు బస్సు మధ్యాహ్నానికి. అప్పటిదాకా సీసాలు చల్లగా ఉండాలి కాబట్టి అవ్వ గుడిసెలో తడి ఇసుకలో గుంట తీసి, అందులో పాతిపెట్టి, నేను చిన్నాయన ఇంటికి అన్నానికి పోయేదాన్ని. పోయే ముందు ఒక్కో సీసా తలకిందులు చేసి చూసుకునేదాన్ని. అద్దంలా ఉండేవి. తిరిగొచ్చాక బస్సు తొందరలో మళ్లీ చూడకుండానే పెట్టెలో సర్దేదాన్ని. తీరా నెల్లూరు మీదుగా రైల్లో మద్రాసు చేరి, మాస్టారి ముందు పెడితే, ఆయన సీసా తిప్పగానే బఠాణీ గింజంత బుడగ తీరిగ్గా పైకి నడిచి వచ్చేది. అన్ని సీసాల్లోనూ అంతే. మొదటిసారి బస్సు కుదుపులనుకున్నాం. రెండోసారి మూతలు మార్చి, గుడ్డలు చుట్టి, పెట్టె రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఎదురు సీట్లో ముసలాయన అందులో పసిబిడ్డ ఉందనుకుని గొంతు తగ్గించి మాట్లాడాడు. అయినా బుడగలు వచ్చాయి. మాస్టారు కోప్పడలేదు. "ఇంకొక్కసారి చూద్దామమ్మా. అప్పుడూ ఇంతే అయితే ఈ పని వదిలేద్దాం" అన్నారు. కోప్పడి ఉంటేనే బాగుండేది. ఆ రాత్రి నాకు నాయన ముఖం, ఆ వెనకే సంబంధాలు తెచ్చే పేరయ్య ముఖం వరసగా కనిపించాయి.

మూడోసారి నీళ్లు పట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. చిన్నమ్మ వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి, ఎండలో మళ్లీ కాలువ దాటి, పాళెం చేరాను. గుడిసె గుమ్మంలో అవ్వ నా సీసాలను వరసగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక్కో మూత జాగ్రత్తగా తీసి, సముద్రం వైపు తిరిగి రెండు చుక్కలు ఇసుక మీద వదిలి, దణ్ణం పెట్టి, మళ్లీ అంతే జాగ్రత్తగా మూసి, నేను చుట్టిన గుడ్డను నాకంటే అందంగా చుడుతోంది. నన్ను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"వచ్చినావా పాపా? సముద్రంలోది ఏది ఇంటికి తెచ్చినా ఆ తల్లి వాటా ఆమెకు ఇయ్యాల గదా. చేపైనా అంతే, నీళ్లైనా అంతే. నువ్వు చిన్నదానివి, నీకు తెలవదు. నువ్వు సల్లంగా ఊరు చేరాలని రెండుమాట్లూ నేనే ఇచ్చినా."

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నా పరిశోధన మునగడానికి కారణం నేను బాగుండాలని మొక్కిన దణ్ణం! కోపం తెచ్చుకుందామన్నా ఎక్కడి నుంచి తెచ్చుకోను? పక్కనే కూలబడి, రెండు చుక్కల చోట గాలి చేరిందని, నీళ్లలోని గ్యాసు ఆ గాలిలోకి పోయిందని, ఇక నన్ను ఇంటికి పంపించేస్తారని చెప్పాను. చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చేశాను. అవ్వ బిత్తరపోయింది. నా కళ్లు తన కొంగుతో తుడిచింది. కానీ తలను మాత్రం అడ్డంగానే ఊపింది.

"నీ బాధ నాకు తెలస్తండాది పాపా. అట్టని ఇయ్యకుండా ఎట్టా? అది నా చేత కాదు."

గుడిసె పక్కన అన్న వల బాగుచేసుకుంటున్నాడు. చేతిలోది కింద పెట్టి, "అమ్మా, ఆమె వాటా నేను ఆడనే ఇస్తుండా గదా" అన్నాడు.

"యాడ?"

"నడి సముద్రంలో. సీసా నిండినాక ఇంకా రెండు సీసాల నీళ్లు పొర్లించి వదులుతుండా. ఈ పాప చెప్పిందే. మనం తెచ్చుకునేది ఒక వాటా అయితే, ఆమెకు రెండు."

అవ్వ నా వైపు తిరిగింది. "నిజంగానా?"

"నిజం అవ్వా. ఇయ్యకపోతే మా మాస్టారు ఒప్పుకోరు."

ఆ మాటతో అవ్వకు ఎన్నడూ చూడని మా మాస్టారి మీద గౌరవం కలిగింది. అయినా చూస్తేగానీ నమ్మే మనిషి కాదు. ఒక బిందెడు సముద్రపు నీళ్లు తెప్పించి, గుమ్మంలోనే ట్యూబు పెట్టించి, సీసా నిండి, అంచు దాటి, ఇసుక తడిసి, ఆ తడి తన పాదాల దాకా వచ్చేదాకా కళ్లార్పకుండా చూసింది. "ముందే చెప్పకూడదంట్రా? నువ్వు ఇచ్చిందాన్నే నేను మళ్లా ఇస్తుండా" అని కొడుకుని ఒకటి అంటించింది. మర్నాడు తెల్లవారుతూనే అన్న మళ్లీ తెప్ప వేశాడు. అవ్వ ఒడ్డున నిలబడి, "మర్చిపోబాకరా, బాగా పొర్లించు" అని అలల మీదుగా అరిచింది. సీసాలు వచ్చాక వాటి పక్కనే కాపలా కూర్చుంది, ఒక్క మూత ముట్టుకోలేదు.

మద్రాసులో మాస్టారు మొదటి సీసా తిప్పారు. ఏమీ కదల్లేదు. రెండోది తిప్పారు. అన్నీ తిప్పారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈసారి ఏం చేశావమ్మా?" అన్నారు. "గంగమ్మ వాటా సముద్రంలోనే ఇచ్చేశామండీ" అని జరిగిందంతా చెప్పాను. దేవుళ్ల ఊసెత్తని మనిషి ఆయన, కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వారు. యంత్రం మీద మీథేన్ కనబడింది. పని కుదిరిందని నాయనకు కార్డు రాశాను. ఆ వేసవే కాదు, తర్వాత ఇంకా రెండేళ్లు ఆ పాళేనికి పోయాను. కొత్తగా చేరిన పిల్లలు ఎవరు నీళ్లు పట్టి తెచ్చినా మాస్టారు ముందు అడిగేది ఒకటే, "గంగమ్మ వాటా ఇచ్చారా?"

కథ విని మనవరాలు వంటింట్లోకి వెళ్లి సీసాను కుళాయి కింద పెట్టింది. నిండింది, పొర్లింది, అది కుళాయి కట్టలేదు. నీళ్లు వృథా అని నేనూ అరవలేదు. ఆ సీసాల్లో ఎంత గ్యాసు కొలిచామో, ఎంతో కష్టపడి తెచ్చిన ఆ అంకెల్లో ఒక్కటీ ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఇన్నేళ్లలో నా దగ్గర మిగిలింది, ఆ రోజు అవ్వ పాదాల దాకా పొర్లి వచ్చిన ఆ కాసిని నీళ్లే.