రాలకముందే పోయిన బుడ్డకాశ

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ గోడ పగుల్లో రెండు నెలల క్రితం ఒక బుడ్డకాశ మొక్క మొలిచింది. కాయ చుట్టూ కాగితపు బుడ్డలాంటి తొడుగు ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని నుదుటి మీద కొట్టుకుని టప్పున పేల్చేవాళ్లం. లోపలి పండును మాత్రం కోయకూడదు. తొడుగు ఎండి, పండు తానే రాలాలి. పచ్చికాయ కడుపుకు పడదు.

మొదటి పండు పంజాగుట్టలో మంచాన పడ్డ నా దోస్తు, టైలర్ ఖాదర్ భాయ్‌కి ఇస్తానని మాటిచ్చాను. జ్వరం వచ్చాక ఆయన నోటికి ఏదీ రుచించడం లేదు. నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

ఈ రోజు పొద్దున చూస్తే గోడకు పగులే మిగిలింది. పై అంతస్తు ప్రసాదరావు గారు గేటు దగ్గరే ఉన్నారు.

"షుగరుకి మంచిదని నిన్న మీరేగా చెప్పారండీ? వేళ్లతో సహా కషాయం కాచేశాం. మీకూ ఓ గ్లాసు పంపనా?"

"నేను పండు సంగతి చెప్పిన సార్. చెట్టు పీకమన్ననా?"

"పండేదాకా ఎవరాగుతారండీ!"

నిజమే. నిన్న లిఫ్టు కోసం నిలబడ్డంతసేపూ ఆయనకు ఆ మొక్క గొప్పలు ఏకరువు పెట్టింది నేనే. షుగరు మాట కూడా ఎక్కడో విన్నదే.

ఉత్త చేతులతో పోయి జరిగింది చెప్తే ఖాదర్ భాయ్ నా వైపు చూడనైనా లేదు. "ముప్పై ఏండ్లు నీ అంగీలకు గుండీలు కుట్టిన. ఒక్కటి నీ నోటికి సుత కుట్టాల్సి ఉండె, భాయ్."

మీ వైపు ఎక్కడైనా బుడ్డకాశ కనిపిస్తే నాకు చెప్పండి. కామెంట్లలో మాత్రం వద్దు. ప్రసాదరావు గారు కూడా ఇవి చదువుతారు.