మామ సంతకం కింద గీత

మొన్న మా అక్క కూతురు ఆళ్లగడ్డ నుంచి వచ్చి, వాళ్లమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికిందంటూ ఒక పాత కాగితం నా చేతిలో పెట్టి, "చదువు మామా, మా నాయన కోసం ఆ పెద్దాయన రాసిచ్చిన జాబంట, ఫ్రేము కట్టించుకుంటా" అంది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. అక్షరాలు నావే, సంతకం మా మేనమామది. సంతకం కింద ఏమీ లేదు.

మా మేనమామ పైకొచ్చిన తీరు మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కర్నూలు రాజధాని అయిన ఏడు ఆయన ఆళ్లగడ్డ పక్క పల్లెలో జొన్నలు పండించుకుంటూ, గట్టు తగాదాలు తీరుస్తూ ఉండే మామూలు రైతు. తెల్లబట్టలు కుట్టించుకుని కర్నూలుకు రెండు మూడుసార్లు పోయొచ్చాడో లేదో పంచాయతీ ప్రెసిడెంటయ్యాడు, ఆ తర్వాత నంద్యాలలో ఇల్లు బాడుగకు తీసుకుని తాలూకా అంతటికీ పెద్దమనిషయ్యాడు, పంచాయతీ సమితులు వచ్చేసరికి సమితి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు, ఎమ్మెల్యే టికెట్టు ఇంకెంతో దూరం లేదని అందరూ చెప్పుకునేవాళ్లు. స్కూలు ఫైనలు ప్యాసై, పెళ్లి కూడా చేసుకుని, పనీపాటా లేక తిరుగుతున్న నన్ను, దస్తూరి గుండ్రంగా ఉందని ఆయన జాబులు రాయడానికి దగ్గర పెట్టుకున్నాడు.

పొద్దున్నే వరండా నిండా జనం. బదిలీ ఆపమని పాణ్యం నుంచి ఒకరు, కొడుక్కి హాస్టల్లో సీటిప్పించమని వెలుగోడు నుంచి ఒకరు. కాదని పంపిస్తే ఓటు పోతుంది, అందరికీ రాసిస్తే ఆఫీసర్ల దగ్గర మాట చెల్లదు. దీనికి ఉపాయం చెప్పింది, నా పాడు తెలివి కాకపోతే, నేనే! పని జరగాల్సిన వాళ్లకు సంతకం కింద గీత గీయండి, తక్కినవాళ్లకు ఒట్టి సంతకం పెట్టండి, ఆఫీసుల్లో మనవాళ్ల చెవిన ఒక మాట వేస్తే చాలునన్నాను. మామ నా వీపు తట్టాడు. ఒట్టి సంతకం పట్టుకుని దండాలు పెడుతూ పోయేవాళ్లను చూసి లోపల నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి, అబద్ధమెందుకు.

శిరివెళ్ల దగ్గర పల్లెలో ఉండే మా బావకు క్షయ వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో మంచం దొరకాలంటే పెద్దవాళ్ల జాబు లేనిదే కాదని, అక్క చంటిపిల్లను చంకనేసుకుని బావను నంద్యాలకు తీసుకొచ్చింది. బావ గోడకానుకుని నిలబడి దగ్గుతుంటే నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు మీద నెత్తురు. మామ నవ్వుతూ పలకరించాడు, అక్కకు కాఫీ ఇప్పించాడు, నేను రాసిన జాబు మీద సంతకం పెట్టి కలం మూత బిగించాడు. గీత గీయలేదు.

మరిచిపోయాడేమో అనుకుని, వాళ్లు బయటికి పోగానే గొంతు తగ్గించి అడిగాను.

"పంచాయతీ ఓట్లప్పుడు వాడు ఎవరి బండెక్కి తిరిగినాడో నాకు తెలీదనుకుంటివా? అప్పుడు గుర్తుకు రాని మామ ఇప్పుడు యాడ గుర్తొచ్చినాడప్పా?" అన్నాడు. సమితి ఆఫీసులో నా గుమాస్తా పనికి ఆర్డరు వచ్చే వారం వస్తుందని కూడా అదే గొంతుతో చెప్పాడు.

జాబు మడిచి కవర్లో పెట్టాల్సింది నేను. కలం నా చేతిలోనే ఉంది. ఒక్క గీత, రెండంగుళాలు కూడా ఉండదు. మామకు తెలిస్తే ఉద్యోగం పోతుంది, తలదాచుకున్న కొంప పోతుంది, ఇంట్లో భార్య కడుపుతో ఉంది. భగవంతుడా, ఇవన్నీ ఆ క్షణంలో ఎంత పెద్దవిగా కనిపించాయో! మడిచేశాను.

అక్క ఆ కవరు కళ్లకద్దుకుంది. "ఏందిరా, అట్లుండావు? మామ రాసిచ్చినాడు గదా, ఇంగ మీ బావకు భయం ల్యాదులే" అని నాకే ధైర్యం చెప్పింది. బస్టాండు దాకా వెంట నడుస్తూ మూడుసార్లు చెప్పబోయి ఊరుకున్నాను. బస్సు కదిలాక కిటికీ కమ్మీ పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తాను కూడా. "పో నాయనా, ఎండ" అంది.

ఆసుపత్రిలో జాబు చదివి, మర్యాదగా తిరిగిచ్చి, మంచాలు ఖాళీ లేవు, కబురు చేస్తామన్నారట. తొమ్మిది రోజులు ఎదుటి సత్రం వసారాలో కాచుకున్నారు. ఆ సంగతి తెలిసి మామ కాళ్లు పట్టుకున్నాను, ఏడ్చాను. "చూద్దాంలేప్పా" అన్నాడు. పదో రోజు అక్క బావను బస్సెక్కించుకుని ఇంటికి తెచ్చుకుంది. నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే బావ పోయాడు.

నా రాత ఎందుకిట్లా రాశాడో దేవుడు, అక్క బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన వాళ్లందరితో, మామా తమ్ముడూ చేయాల్సిందంతా చేశారు, ఆయన ఆయుష్షే చాల్లేదని చెప్పుకుంది. నేను తలవంచుకుని వినేవాణ్ని.

ఇప్పుడు జాబులు రాయించుకునేవాళ్లు లేరు, ఆ వరండా ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. సిఫారసులన్నీ ఫోన్లోనే అయిపోతాయట. ఇప్పటికీ ఎవరో ఒకరు నవ్వుతూ సరేనని, అవతలివాడికి వద్దని చెబుతూనే ఉంటారు, కాకపోతే కాగితం మిగలదు. నాకు మిగిలింది.

"చదువు మామా" అని మేనకోడలు మళ్లీ అడిగింది. గొంతు సవరించుకుని మొత్తం చదివాను. కళ్లు తుడుచుకుంటూ కాగితం వెనక్కి తీసుకుని, "సంతకం బాగా కనపడేటట్టు కట్టించాల" అంది.

సరేనన్నాను.