మా ఇంటి రక్తంలో అతుకు

పచ్చి చెనక్కాయలు ఉప్పునీళ్ళలో ఉడికే వాసన ఎక్కడ తగిలినా, బెంగళూరులో తోపుడుబండి పక్కనైనా సరే, నాకు పామిడి దగ్గరి మా ఊరూ, పొయ్యి ముందు పొగకు కళ్ళు చికిలిస్తూ కాయ ఉడికిందో లేదో నొక్కి చూసే సుంకమ్మ చిన్నమ్మా గుర్తొస్తారు. ఆ వెనకే సిగ్గు ముంచుకొస్తుంది.

చిన్నమ్మ మా చిన్నాయన భార్య. మాది గొర్రెల మంద ఉన్న ఇల్లు. వాన లేని ఏళ్ళలో పెన్న ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకోవడం, ఉగాదికి ఓళిగలు, పీర్ల పండుగకు బొరుగులూ బెల్లం పానకం, ఎండాకాలం మధ్యాహ్నాలు చింతగింజలతో ఆటలు. ఆటల్లో ఓడిపోయే పిల్లల పక్షాన ఎప్పుడూ చిన్నమ్మే. గొర్రెలు ఈనే కాలంలో ఆమె కాపురమంతా దొడ్డిలోనే. వణికే పిల్లను గోనెపట్టాతో తుడిచి, దగ్గరికి రానివ్వని తల్లిని బుజ్జగించి, పొదుగు అందించేది.

ఆమెకు మాత్రం కడుపు నిలిచేది కాదు. ఆకుపసర్లు తాగింది, దర్గాలో తాయెత్తు కట్టించుకుంది. రెండో నెలో మూడో నెలో రాగానే మళ్ళీ కడుపు పోయేది. మా అమ్మకూ అలాగే కొన్ని పోయాయట గానీ, మధ్యలో నేను బతికి మిగిలాను కాబట్టి అమ్మను ఎవరూ ఏమీ అనలేదు.

ఒక కరువు ఏట గొర్రెలు నెలలు నిండకుండానే పిల్లలను వేసేశాయి. అది మందకు తగిలిన ఏదో రోగమై ఉంటుంది. నాయనవాళ్ళ అమ్మ, మా అవ్వ, అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేసింది.

"ఇది దొడ్లో కాలు పెట్టబట్టే వాటికీ ఈ గతి పట్టింది. ఇంగ దీన్ని ఈడ పెట్టుకోవద్దు."

చిన్నాయన నేల చూపులు చూశాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. తెల్లారి నాయనే చిన్నమ్మను చిలమత్తూరులో పుట్టింటికి దిగబెట్టడానికి బయలుదేరాడు. గడప దాటుతూ ఆమె అన్నది ఒక్కటే మాట. "ఆ నల్లగొర్రె పిల్లకు మీరే పాలు పట్టండి, తల్లి రానీదు."

చిన్నాయనకు అవ్వ తన తమ్ముడి కూతురినే ఇచ్చి మళ్ళీ పెళ్ళి చేసింది. ఆ పిల్లకూ కడుపు నిలవలేదు. ఈసారి అవ్వ దిష్టి అంది, ఖర్మ అంది. పంపించమని మాత్రం అనలేదు.

ఇన్నేళ్ళకు నా భార్య రాజేశ్వరికీ అదే జరిగింది. బెంగళూరులో డాక్టరమ్మ ఇద్దరికీ రక్తపరీక్ష చేయించి, దోషం ఆమెలో లేదని చెప్పింది. నాలో రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోయాయట. నాకేమీ తక్కువ కాలేదు, జబ్బూ కాదు. బిడ్డకు పంచేటప్పుడే లెక్క తప్పుతుంది.

మాది గొర్రెల ఇల్లని విని ఆమె నవ్వుతూ ఇంకో మాట చెప్పింది. "మేకకు క్రోమోజోములు అరవై, గొర్రెకు యాభై నాలుగు. గొర్రెల పూర్వీకుల్లో ఎప్పుడో ఇలాగే అతుక్కుని ఆ సంఖ్య తగ్గింది. జంతువుల్లో ఇవి అతుక్కోవడం, విడిపోవడం, తిరగబడటం ఎప్పుడూ జరిగేదే. ఒక జాతికీ ఇంకో జాతికీ మధ్య తేడాల్లో ఇదొకటి."

నేను నవ్వలేకపోయాను. తర్వాత నాయనకూ చిన్నాయనకూ పరీక్ష చేయిస్తే ఇద్దరిలోనూ అదే అతుకు. ఎన్ని తరాలుగా దాన్ని మోస్తున్నామో తెలియదు. పెంచుకున్న ప్రతి గొర్రె ఒంట్లోనూ ఉన్న సంగతి మా ఒంట్లో ఉన్నందుకు మేము ఒక ఆడమనిషిని బయటికి పంపేశాం.

చిలమత్తూరు వెళ్ళి చిన్నమ్మకు చెప్పాను. తల నెరిసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అన్న పిల్లలను పెంచింది. అంతా విని చీరకొంగు మడతలు సరిచేసుకుంది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండు.

"నీ పెండ్లాన్ని యాడికీ పంపీలేదు గదప్పా?" అంది.

"లేదు చిన్నమ్మా."

"అయితే సరే," అని లేచి నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు మా ఊళ్ళో అవ్వ లేదు, మంద లేదు, పెన్నలో చెలమలూ లేవు. దొడ్డి గోడ కూలి తుమ్మ మొలిచింది. నాయన ఉన్నాడు. ఒకసారి చిన్నమ్మ దగ్గరికి పోయి వద్దాం రమ్మని అడిగినప్పుడల్లా, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటాడు.

"యా మొగం పెట్టుకోని రావల్లరా?" అంటాడు.