అక్క పచ్చ కుర్తా

మొన్న మా మనవరాలు డిగ్రీ పరీక్షకు చదువుకుంటూ, వెనకటి శతాబ్దాల్లో మతాచారాలూ సంస్కృతీ మారడానికి కారణాలేమిటో పైకి వల్లె వేస్తోంది. అచ్చుయంత్రం వచ్చిందట, బడులు వచ్చాయట, సంస్కర్తలు ఊరూరా తిరిగారట. కాదనను. కానీ దబీర్‌పురాలో మా ఇంట ఒక ఆచారం ఆగిపోవడానికి అసలు కారణం ఆ పుస్తకంలో లేదు. అది నా కడుపుమంట.

అమ్మకు మొదట పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడో కాన్పు నిలిస్తే పన్నెండేళ్లు నిండేదాకా ఏటా పీర్ల పండక్కి బిడ్డను ఫకీరును చేస్తానని మా వీధి చివర పీర్లను నిలిపే ఆషూర్‌ఖానాలో మొక్కుకుంది. అప్పట్లో మా వైపు హిందువుల ఇళ్లలో అదేమీ వింత కాదు. అలా దక్కిన పిల్ల మా అక్క. పండగ రాగానే ఆషూర్‌ఖానా బాగోగులు చూసే ముజావర్ భార్య, మేమంతా ఖాలా అనీ, బాపు తోబుట్టువులా ఆపా అనీ పిలిచే ఆవిడ, తన చేత్తో కుట్టిన పచ్చ కుర్తా అక్కకు తొడిగి, మెడలో ఎర్రదారం వేసి, భుజాన జోలె తగిలించేది. అక్క ఇంటింటికీ వెళ్తే జోలెలో బియ్యమూ బెల్లమూ పోసి, బుగ్గలు పుణికి, దిష్టి తగులుతుందని మెటికలు విరిచేవాళ్లు. రెండేళ్ల తర్వాత నేను ఏ మొక్కూ లేకుండా గుండ్రాయిలా పుట్టాను. అక్క అడిగి తెచ్చుకున్న పిల్ల, నేను అడగకుండా వచ్చిన పిల్ల. నాకూ కుర్తా కావాలని ఏటా ఏడిస్తే, "నీకేమైందని మొక్కాలె?" అనేది అమ్మ. రొట్టె నలిపి బెల్లం కలిపి ఖాలా పెట్టే మలీద ముద్దల్లో కూడా అక్కదే పెద్దదని నాకిప్పటికీ అనుమానం.

నాకు తొమ్మిదో ఏడు, రెండో ప్రపంచయుద్ధం ఇంకా రాలేదు. దఫ్తర్లో గుమాస్తాగా ఉన్న బాపు, అఫ్జల్‌గంజ్ అవతల కొత్తగా పెట్టిన తెలుగు పఠనాలయం నుంచి సన్నటి పుస్తకాలు తెచ్చేవారు. ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది, తెలుగు కూడబలుక్కోవాలి. నేను గడగడా చదివేదాన్ని. అక్కను మించింది నేను ఆ ఒక్కదాంట్లోనే. ఒక పుస్తకంలో, పీర్లకు మొక్కే మనవాళ్లు మూఢులని రాసి ఉంది. సగం అర్థం కాలేదు గానీ, ఈ మాట నెగ్గితే పచ్చ కుర్తా పోతుందని మాత్రం బాగా అర్థమైంది. సాయంత్రం బాపు స్నేహితులు అరుగు మీద కూర్చోగానే ఏరి కోరి అదే తెచ్చి, ఆ చోట గొంతు పెంచి చదివేదాన్ని. వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఒకాయన నవ్వుతూ, మరి మీ పెద్దపిల్ల జోలె సంగతేమిటని అడిగాడు. బాపు తల వంచుకున్నారు.

ఆ ఏడు జోలె వద్దన్నారు. మొక్కు తీరడానికి ఇంకొక్క ఏడాదే మిగిలింది, మధ్యలో ఆపితే బిడ్డకేమవుతుందోనని అమ్మ తిండి మానేసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. నాకు లోలోపల సంబరం.

పండగ ఏడో రోజున ఖాలా మూటతో మా గుమ్మంలోకి వచ్చింది. "చిన్నది ఏటా ఏడుస్తదని ఈసారి ఇద్దరికి కుట్టిన భాయ్," అంటూ విప్పింది. పెద్ద కుర్తా ఒకటి, చిన్న కుర్తా ఒకటి.

బాపు తలెత్తకుండా, ఇంక మాకొద్దు ఆపా, అన్నారు. ఆవిడ రెండూ మడిచి మూట కట్టుకుని వెళ్లింది. తలుపు చాటున నేనున్నాను.

అక్కకేమీ కాలేదు, ఎనభై దాటి బతికింది. కొన్నేళ్లకు ఖాలా వాళ్లింట్లోనూ చదువుకున్న మరిది కొడుకొకడు బయటివాళ్ల మొక్కులు కూడవన్నాడట. నేను చదవకపోయినా ఎవరో చదివేవాళ్లేనని సర్దిచెప్పుకుంటాను. ఇప్పుడా వీధిలో మా ఇళ్ల పిల్లలు పచ్చబట్టలు కట్టేవాళ్లంటే ఎవరూ నమ్మరు. అక్క మాత్రం పోయేదాకా ఆ ముచ్చట్లే చెప్పేది, విన్నప్పుడల్లా నా కడుపు రగిలేది.

ఖాలా గుడ్డపేలిక కూడా పారేసే మనిషి కాదు. నా కొలతకు కుట్టిన ఆ కుర్తా ఎవరో పిల్లకు తొడిగే ఉంటుంది. ఆ పిల్లెవరో తెలియదు, ఉందో లేదో తెలియదు. తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు దానిమీద కుళ్ళే.